తల్లి మిషన్‌ను తెరిచింది నేనే

చెప్పాల్సిన చోట ఒక మాట చెప్పకుండా ఊరుకున్నాను. 'దాన్ని తెరిచింది నేను' అన్న చిన్న మాట. ఏళ్ల తరబడి దాన్ని మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరు నన్నెరగరు కనుక మీకు చెప్పగలుగుతున్నాను.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రానికి శాఖలుండేవి. మూడు ల్యాబులూ నేనే చూసుకునేవాణ్ని. పద్మ కోదాడలో పాఠాలు చెప్పేది. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా ప్రతి కంప్యూటర్‌లోనూ ఒక వర్చువల్ మిషన్ పెట్టాలి. అంటే కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్. నేర్చుకునేవాళ్లు దాన్ని ఎంత పాడుచేసినా అసలుదానికి ఏమీ కాదు. ఒక్కొక్కటీ మొదటినుంచీ పెట్టుకుంటూ పోతే వారమంతా దానికే సరిపోయేది.

నా అవస్థ చూసి ఒకరోజు పద్మ నవ్వింది. ఆమెది గరిడేపల్లి, వరి పండించే ఇల్లు.

"పొలానికో నారుమడి పోస్తరా అన్నా ఎవలన్న? ఒక్క మడిల పోసి అంతట నాటుకుంటం గద. గిది గూడ గంతే."

"నాకు నాట్లు ఏం తెలుసమ్మా, బస్టాండు పక్కన పుట్టినోణ్ణి."

"గందుకే గిన్ని తిప్పలు పడుతున్నవ్."

అన్ని ప్రోగ్రాములతో ఒక్క మిషన్‌ను శ్రద్ధగా తయారుచేసింది. దానికి 'తల్లి మిషన్' అని పేరు. మిగిలినవన్నీ దాని నకళ్లు. వారం పని ఒక్క పూటలో అయిపోయింది. ఒక్కటే షరతు పెట్టింది.

"తల్లిని తెరిస్తే, మూసేముందు దాని పేరు తుడవాలె అన్నా. లేకుంటె పిల్లలన్నిటికి అదే పేరొస్తది."

అలా తుడవడానికి కొంతసేపు పట్టేది. కూర్చుని కాచుకోవాలి.

కోదాడలో ప్రాక్టికల్ పరీక్ష ముందురోజు, తల్లి మిషన్‌లో ఒక ప్రోగ్రాం లేదని తెలిసింది. పద్మ క్లాసులో ఉంది. నేనే తెరిచి ఆ ప్రోగ్రాం పెట్టాను. ఆ రోజు మా చిన్నమ్మాయి పుట్టినరోజు. సూర్యాపేట బస్సు కదలబోతోంది. పేరు తుడవకుండానే మూసేశాను. మర్చిపోయానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. గుర్తుంది. ఈ ఒక్కసారికి ఏం కాదులే అనుకున్నాను. నేను తెరిచిన సంగతి తెలియక, సాయంత్రం పద్మ దాన్నుంచే నకళ్లు తీసింది.

పరీక్షలో ఎవరి జవాబులు వాళ్ల మిషన్ పేరు మీద సర్వర్‌లో భద్రమవుతాయి. అన్నిటికీ పేరు ఒకటే కావడంతో ఒకరివి చెరిపేసి ఇంకొకరివి వచ్చి కూర్చున్నాయి. చివరికి ఒక్కరివే మిగిలాయి. మేళ్లచెరువు నుంచి వచ్చే అమ్మాయి ఒకతె ఏడ్చింది. అందరూ మళ్లీ రాయాల్సి వచ్చింది.

యజమాని వచ్చి ఎవరు చేశారని అడిగాడు.

"నేనే సార్. పేరు తుడుసుడు మర్సిపోయిన్నేమో," అంది పద్మ.

నేను పక్కనే ఉన్నాను. ఆ 'ఏమో' దగ్గర నేను అందుకోవలసింది. ఎందుకు అందుకోలేదు? ఉద్యోగం పోతుందనా? పోదు, నాలుగు తిట్లతో వదిలేసేవాడు. మరెందుకు? ఆమె తప్పు తన మీద వేసుకుంటుంటే నాకు హాయిగా అనిపించింది. అదే నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

ఆమెను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. కానీ పద్మ మళ్లీ తల్లి మిషన్‌ను ముట్టలేదు. అందరూ వెళ్లిపోయాక కూర్చుని, ఒక్కొక్కటీ మొదటినుంచి పెట్టుకునేది. ఎందుకమ్మా అంటే, తన చేతి మీద తనకే నమ్మకం లేదనేది. అది విని కూడా నోరు విప్పలేదు. టీ తెచ్చి ఇచ్చేవాణ్ని. ఆ టీయే క్షమాపణ అనుకునేవాణ్నేమో. సూర్యాపేటలో, మిర్యాలగూడలో మాత్రం ఆమె పద్ధతితోనే పని హాయిగా సాగించుకున్నాను. కొన్నాళ్లకు ఆమె ఉద్యోగం మానేసింది.

మొన్న గరిడేపల్లి వెళ్లాను. పద్మకు అక్కడ చిన్న జిరాక్స్ షాపు ఉంది. నన్ను చూసి స్టూలు జరిపింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె జిరాక్స్ మిషన్ ఆపేసింది.

"తుడిసినట్టే నాకు యాదికుండె అన్నా," అంది. "యాదికుండి గూడ నన్ను నేనే నమ్మలే."

ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. ఆమె చేతులనే చూస్తూ అన్నాను.

"తప్పు నాది పద్మా. నీ చెయ్యి ఎన్నడూ తప్పలే. గా రోజే చెప్పాల్సింది. నన్ను మన్నించకున్నా సరే, గీ మాట మాత్రం నమ్ము."