హనుమాయమ్మగారికి రామాయణం రాదు

మా హనుమాయమ్మ టీచరుగారికి ఆశ్చర్యపోవడం ఒక జబ్బు. రేపల్లెలో మా ప్రైమరీ స్కూల్లో ఇరవై ఆరేళ్ళుగా సర్వమత పాఠాలు చెబుతున్నారు. అంటే రాముణ్ణి ఇరవై ఆరుసార్లు అడవికి పంపారు. ఇరవై ఆరుసార్లూ గుండెల మీద చెయ్యేసుకుని కుర్చీలో కూలబడ్డారు.

"పద్నాలుగేళ్ళే! ఎవరు పంపారర్రా?"

"కైకేయి టీచర్!"

"ఆవిడా! నిన్నటిదాకా బానే ఉందిగా!"

రాముడొక్కడికే కాదు. ఏసుప్రభువు పశువుల పాకలో పుట్టాడనగానే "బాలింతకి మంచమైనా ఇవ్వలేదా!" అని ఆ ఊరంతటి మీదా కోప్పడ్డారు. రంజాన్ పాఠంలో "మంచినీళ్ళు కూడానా!" అని తన నీళ్ళసీసా బల్ల కింద దాచేశారు. పక్కగదిలో నేను లెక్కలు చెబుతాను. ఆ కేకలకి నా పిల్లలు ఏడో ఎక్కం మధ్యలో ఆపేసి గోడవైపు చూసేవాళ్ళు. నేనూ చూసేవాణ్ణి.

మేమిద్దరం తెనాలి నుంచి ఒకే రైల్లో వస్తాం. సాయంత్రం తిరిగి వెళ్ళేటప్పుడు ఆవిడ కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతూ ఉంటారు. స్టేషన్లు లెక్కపెట్టుకుంటున్నారేమో అనుకునేవాణ్ణి.

జూలైలో ఒక తండ్రి మా కరస్పాండెంట్ కరుణాకర్‌గారి మీదికి వచ్చాడు. "ఆ టీచరుకి రామాయణం రాదండి! సీతని ఎవరెత్తుకుపోయారో మావాడే చెప్పాడంట. ఇంక బడికి పంపడం దేనికండి?"

కరుణాకర్‌గారు నన్ను పిలిచారు. "నాగేంద్రబాబుగారూ, శనివారం ఆవిడ క్లాసులో కూర్చుందాం. నిజంగా రాకపోతే బాపట్ల నుంచి పండితుణ్ణి పిలిపిస్తాను. ఆవిడకి మాత్రం చెప్పకండి."

నా కడుపులో మాట ఆగదు. ఆ సాయంత్రమే రైల్లో చెప్పేశాను. "ఒక్క శనివారం ఆశ్చర్యపోకండి, మీకు దణ్ణం పెడతాను" అని బతిమాలాను కూడా.

"అలాగా!" అని ఆవిడ ఆశ్చర్యపోయారు.

శనివారం వారధి పాఠం. వెనక బెంచీలో నేనూ కరుణాకర్‌గారూ ఇరుక్కుని కూర్చున్నాం.

"సముద్రంలో రాళ్ళేశారా! ఎందుకర్రా అంత కష్టం? పడవలు లేవా?"

పిల్లలు గబగబా పేజీలు తిరగేశారు. పుస్తకంలో దీనికి జవాబు లేదు. కరుణాకర్‌గారు తల పట్టుకున్నారు. అయిపోయింది, బాపట్ల పండితుడు బస్సెక్కినట్టే అనుకున్నాను.

అప్పుడు సునీల లేచింది. నిజాంపట్నం నుంచి జూన్‌లో వచ్చి చేరింది, చేపలవేటకి వెళ్ళేవాళ్ళ అమ్మాయి. మొదటిరోజు దాని మాటతీరుకి ఎవరో నవ్వారు. అంతే, ఆ తర్వాత హాజరుకి కూడా చెయ్యెత్తడమేగాని నోరు విప్పింది లేదు.

"బోట్లు సాలవండి!"

"సాలవా!"

"అన్ని కోతులెక్కితే మునిగిపోద్దండి. పైగా కోతులు కుదురుగా కూర్చోవు, బోటు ఒరిగిపోద్ది. మా నాన్న మనుషుల్నే కదలొద్దంటాడు!"

"అమ్మో! ఇంకా?"

ఇంకేముంది, గాలి, అలలు, లంగరు అన్నీ చెప్పింది. మొదటిరోజు నవ్విన రోహిత్‌గాడే "లంగరంటే ఏంటే?" అని అడిగాడు. టీచరుగారు పిల్లల మధ్యన నేలమీద చతికిలబడి విన్నారు. నేను పక్కకి చూస్తే కరుణాకర్‌గారు నోరు తెరుచుకుని ఉన్నారు.

సాయంత్రం రైల్లో నేను కొంచెం వంగి చెవి ఒగ్గాను. సుందరకాండ! శ్లోకం తర్వాత శ్లోకం, పుస్తకం లేకుండా! నాకు మతిపోయింది.

"మీకు మొత్తం వచ్చాండీ!"

ఆవిడ ఒక కన్ను తెరిచారు. "బడినిండా అన్నీ తెలిసినవాళ్ళమే బాబూ. పిల్లలు చెప్పుకోడానికి, తెలీనివాళ్ళు ఒక్కరైనా ఉండొద్దా?"

సోమవారం కరుణాకర్‌గారు మా ఇద్దర్నీ గదికి పిలిచారు. "మిమ్మల్ని తీసేసి బాపట్ల నుంచి పండితుణ్ణి పెడదామనుకున్నాను టీచరుగారూ. నాదే పొరపాటండి."

హనుమాయమ్మగారు గుండెల మీద చెయ్యేసుకుని కుర్చీలో కూలబడ్డారు.

"నన్నా! తీసేద్దామనుకున్నారా! నాకెవరూ ఒక్క ముక్కయినా చెప్పలేదే!"

కరుణాకర్‌గారు కంగారుపడి మంచినీళ్ళు అందించారు. ఆవిడ గ్లాసు మీంచి నావైపు ఒక్కసారి చూశారు. నేను బుద్ధిగా తల వంచుకున్నాను.