మూయొద్దన్న కన్నం

మా అత్తగారింట్లో దొంగలు పడ్డారని ఎవరితోనైనా అంటే, ఏం పోయింది, ఎప్పుడు పోయింది, దొరికిందా అని అడుగుతారు. దొంగల మీద నాకంత కోపం లేదు. దొంగలన్నాక దొంగతనం చెయ్యక భజన చేస్తారా! నా ఒళ్ళు మండేదంతా ఆ తర్వాత జరిగినదానికి. ఇన్నేళ్ళయినా ఆ మంట చల్లారలేదు, చల్లారదు కూడా.

అప్పటికి నేను కాపురానికొచ్చి ఏడాది నిండలేదు. ఇంట్లో మేం నలుగురం, మామ, అత్త, మా ఆయన, నేను. ఊరు కమలాపురానికి అవతల, బండి కట్టుకుని పోతే పూట పట్టే దూరంలో ఉండేది. వాన పడితే పంట, లేకపోతే లేదు. ముందటేడు వాన మొహం చాటేసింది. ఊరంతా తిండిగింజలకు కటకటలాడిపోయింది. మేమూ ఒక పూట సంకటి తిని, ఇంకో పూట మజ్జిగనీళ్ళు తాగి పడుకున్నాం. అయినా మా మామ విత్తనాలకని దాచిన వేరుశనక్కాయలను మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. గట్టి కాయలు ఏరి ఏరి గోతాల్లో నింపి, చెమ్మ తగలకుండా వెనకింట్లో, అంటే వెనక గదిలో, నాపబండల మీద పేర్పించాడు. తొలకరి పడగానే ఆ కాయలు ఒలవాలి, విత్తాలి. విత్తితే ఇంకో ఏడాది బతుకుతాం. మా ఇంట్లో లంకెబిందెలంటే అవే.

ఆ ఎండాకాలమే మా వైపు దొంగల భయం పుట్టింది. మా వీధిలోనే ఒకరింట్లో గవాచిలోంచి, అదే, వెలుతురు కోసం మిద్దెకు పెట్టే కంతలోంచి తాడు వేసుకుని దిగి బియ్యం, చీరలు ఎత్తుకుపోయారు. దాంతో ఆడవాళ్ళంతా గవాచుల మీద తుమ్మకంప కప్పారు. తలుపు తోస్తే చప్పుడవుతుందని తలుపు వెనక గిన్నె మీద గిన్నె పేర్చి పెట్టారు. ఒకరింట్లో పిల్లి ఆ గిన్నెలు పడగొడితే మగవాళ్ళు కర్రలు పట్టుకుని పరిగెత్తి, చీకట్లో ఒకరినొకరు బాదుకున్నారు. ఊరు వారం రోజులు నవ్వింది.

మా అత్త అందరికంటే గడుసుది. గవాచి మీద బండ మూసి, ఆ బండ మీదే మంచం వేసుకుని పడుకునేది. "నన్ను ఎత్తి పక్కన పెట్టి దిగమను సూద్దాం" అనేది. ఎండాకాలం కదా, అందరం మిద్దె మీదే నిద్ర.

ఒకరోజు తెల్లవారి నేను కిందికి దిగి వెనకింట్లోకి పోతే వెలుతురు కనిపించింది. ఎప్పుడూ చిమ్మచీకటిగా ఉండే ఇల్లు అది. గోడలో మనిషి వంగి దూరేటంత కన్నం. మట్టిగోడను నీళ్ళతో నానబెట్టి, గడ్డపారతో మెల్లగా తవ్వినట్టున్నారు. అత్త ఇత్తడి బిందెలు, చెంబులు, పట్టుచీర పోయాయి. మా పుట్టింటివాళ్ళు సారె పెట్టిన గంగాళం పోయింది. నేను గొల్లుమన్నాను. మామ మాత్రం గోతాల దగ్గరికి పోయి, ఒక్కొక్కదాని మీద చెయ్యి వేసి చూసుకున్నాడు.

"కాయలుండాయిలే. ఏడవొద్దు మ్మే. ఇత్తనాలుండాయి కదా, గంగాళం మల్లీ కొనుక్కుందాం," అన్నాడు.

మునసబు తలారిని ఠాణాకు పంపాడు. తలారి పోయేముందు ఒక పెద్దపని చేశాడు. పెరట్లో దొంగ అడుగుజాడ ఒకటి కనిపిస్తే, పోలీసులకు చూపాలని దాని మీద మా కోళ్ళగంప బోర్లించి రాయి పెట్టాడు. ఆ రోజు నుంచి మా కోళ్ళకు ఇల్లు లేదు.

పోలీసు జవాను వచ్చేసరికి ఆ అడుగుజాడ చుట్టూ చీమలు పుట్ట పెట్టాయి. అతను సైకిలు గోడకానించి, చెంబెడు మజ్జిగ తాగి, కన్నంలో తల పెట్టి చూశాడు.

"శానా నేర్పుగా తవ్వినారప్పా," అన్నాడు మెచ్చుకోలుగా.

"రాసుకోండి సామీ," అన్నాడు మామ.

"నేను రాస్తే సెల్లదు. ఎస్సై వచ్చి పంచనామా సెయ్యల్ల. ఆయన కర్నూల్లో ఉండాడు. ఆడ కొత్తగా రాజధాని పెట్టినారు కదా, మంత్రులు, సభలు. మా ఠాణాలో ఉండే జనమంతా బందోబస్తుకు పోయినారు. ఆయన వచ్చేదాకా ఈ కన్నం మూయొద్దు. ఈ ఇంట్లో సీపురుపుల్ల గూడా కదపొద్దు. ఎట్లున్నేది అట్లే ఉండల్ల."

"గోతాలన్నా నడిమింట్లోకి మార్సుకుంటాం నాయనా," అంది అత్త.

"సెప్తే ఇనవేందమ్మా? కదిపితే కేసు పోతాది. మీరే కన్నం ఏసుకొని దొంగలని పుకారు పుట్టించినారంటాడు మా ఎస్సై."

ఆ మాటే మా మామను పట్టుకుంది. ఆ ఎండాకాలం మొదట్లోనే పొరుగూళ్ళో ఒక రైతు భయపడి ఆ పొద్దే కన్నం పూడ్చుకున్నాడు. సాక్ష్యం చెరిపేశావని ఠాణాలో కూచోబెట్టి తన్నారు. మా మామ పుట్టి బుద్ధెరిగి ఠాణా మెట్లు ఎక్కినవాడు కాదు. మీసం నెరిసినాక తన్నులు తినాల్సి వస్తే చచ్చినంత పని అనుకున్నాడు. "మూయం సామీ, కదపం," అని జవానుకు మాటిచ్చేశాడు.

ఇంక చూడండి మా బతుకు! ఇంటికి ముందు తలుపుంది, గడియ ఉంది, తాళం ఉంది. వెనక మాత్రం ఎవరైనా రావచ్చు, ఎవరైనా పోవచ్చు. పగలు కుక్కలు దూరేవి. రాత్రి మా ఆయన కన్నానికి అడ్డంగా బయట మంచం వేసుకుని, కర్ర పక్కన పెట్టుకుని పడుకునేవాడు. పడుకోవడమేగాని నిద్ర లేదు. పొద్దున చేలో దున్నుతూ తూగేవాడు. కొత్తగా పెళ్ళయిన మనిషి, పెళ్ళాన్ని వదిలి కన్నానికి కాపలా! నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు నాకు.

మామ నాలుగు పొద్దులకోసారి ఠాణాకు నడిచిపోయేవాడు. ఎస్సై కర్నూలు నుంచి రాలేదనేవాళ్ళు. వచ్చాడు గానీ మంత్రాలయంలో ఉత్సవానికి బందోబస్తుకు పోయాడనేవాళ్ళు. కాళ్ళు బొబ్బలెక్కి తిరిగొచ్చేవాడు. అత్త నెత్తీ నోరూ కొట్టుకునేది.

"రెండు తట్టల మట్టి. నేనూ కోడలూ పూస్తే సంగటి ఉడికేలోగా అయిపోతాది. నీకు ఎస్సై ఎక్కువైనాడా, ఇల్లు ఎక్కువైందా?"

"మాటిచ్చినా కదే."

"గోతాలన్నా ఇట్ల లాగుదాం. ఎవురు సూస్తారు?"

"జవాను లెక్క పెట్టుకొని పోయినాడు. వద్దంటి కదా!"

నేను కొత్తకోడల్ని. నోరెత్తితే ఏమంటారో! లోపల కుతకుతలాడేదాన్ని, బయటికి మాత్రం పొయ్యి ఊదుకుంటూ కూచునేదాన్ని.

ఒకరోజు తలారి పరిగెత్తుకొచ్చాడు. ఎక్కడో దొంగల దగ్గర ఇత్తడిసామాను పట్టుకున్నారట, రేపు పొద్దునకల్లా వచ్చి ఆనవాలు పట్టాలట. వస్తువు ఎవరిదైతే వాళ్ళే వచ్చి చెప్పాలట. బిందెలు అత్తవి, గంగాళం నాది. ఆడవాళ్ళం ఒంటరిగా పోలేం, ఫిర్యాదు మామది, బండి తోలడానికి మా ఆయన. నలుగురం పోక తప్పలేదు.

ఇంటికి కాపలాగా ఎదురింటి దూదేకులాయన్ను పెట్టాం. మా మామకు చిన్ననాటి స్నేహితుడు, దూది ఏకి పరుపులు కుట్టేవాడు. "నువ్వు పోన్నా, నేను ఈడ అరుగు మీదే కూసుంటా. నన్ను దాటుకొని ఈగ గూడా పోదు," అన్నాడు. అన్నట్టే తన దూదీ, ఏకే విల్లూ తెచ్చుకుని మా అరుగు మీదే పని పెట్టుకున్నాడు. వెనక కన్నం ముందు ముళ్ళకంప వేసి, మేం తెల్లవారకముందే బండెక్కాం.

ఠాణా వసారాలో సామాను పరిచి ఉంది. చూడగానే తెలిసిపోయింది, ఒక్కటీ మాది కాదు. మా గంగాళానికి చెవులు ఏనుగుతొండాల్లాగా ఉంటాయి, అక్కడున్నదానికి అసలు చెవులే లేవు. "మాది కాదు," అన్నాం. ఇంక పోతామన్నాం. లోపల కూర్చున్న రైటరు తలెత్తలేదు.

"పోతే ఎట్ల? మీవి కావని మీరు ఎస్సై ముందర సెప్పల్ల. ఆయన మధ్యాన్నం వస్తాడు."

నాకు ఆగలేదు. "మావి కావని సెప్పేదానికి గూడా ఎస్సై కావాల్నా?" అనేశాను. అత్త నా తొడమీద గట్టిగా గిల్లింది. మా ఆయన నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. మధ్యాహ్నం పోయింది, సాయంత్రమయింది. ఎద్దులు మేత లేక అరిచాయి. దీపాలు పెట్టే వేళకు, "ఈ పొద్దు రాడులే, మల్ల కబురు పంపుతాం," అన్నారు.

ఇంటికి చేరేసరికి దూదేకులాయన అరుగు మీదే ఉన్నాడు. పొద్దున కూర్చున్నవాడు కూర్చున్నట్టే, అన్నానికి కూడా లేవలేదట. మామ తలుపు తీసి, దీపం పట్టుకుని వెనకింట్లోకి పోయాడు. ఎంతసేపటికీ రాలేదు. మేం పోయి చూశాం. నాపబండలు ఉన్నాయి, వాటిమీద ఏమీ లేదు. కన్నం నుంచి వెనక బండ్లబాట దాకా కాయలు రాలి ఉన్నాయి. పట్టపగలు బండి తెచ్చుకుని, ఎక్కించుకుని పోయారు. ముందువైపు దూది ఏకే మోతలో ఆ ముసలాయనకు ఏం వినిపిస్తుంది? ఆ దొంగల చేతులు పడిపోను!

"అన్నా, నన్ను కొట్టన్నా," అని దూదేకులాయన మామ కాళ్ళ మీద పడ్డాడు. మామ ఆయన్ను లేపి పక్కన కూచోబెట్టుకున్నాడు. అత్తా నేనూ దీపం పెట్టుకుని బాట పొడుగునా రాలిన కాయలు ఏరాం. చాటలో అడుగు కూడా నిండలేదు.

మామ మర్నాడు మళ్ళీ ఠాణాకు పోయాడు. మొదటి కేసుకు పంచనామా కాకుండా రెండో కేసు ఎలా రాసుకుంటామని పంపేశారు.

విత్తనాల కోసం మా ఆయన ఊరూరా తిరిగాడు. ఎవరింట్లో ఉంటాయి? కరువేడు ఎవరికి వాళ్ళు కడుపు మాడ్చుకుని దాచుకున్నవే. కమలాపురంలో మండీల దగ్గర ఉన్నాయి గానీ, మా దగ్గర దుడ్లు లేవు. తాకట్టు పెడదామంటే ఉన్న ఇత్తడి ముందే పోయె. చేను దున్ని చదును చేసి ఉంది. మామ రోజూ పోయి గట్టు మీద నిలబడి వచ్చేవాడు. వాన రాకపోతే బాగుండునని నేను లోలోపల మొక్కుకున్నాను. ఆ గడ్డమీద పుట్టి వాన వద్దని మొక్కుకునే గతి పగవాళ్ళకు కూడా రాకూడదు.

వాన వచ్చింది. అంత మంచి తొలకరి అంతకు ముందు చూళ్ళేదన్నారు ఊళ్ళో. రాత్రంతా పడి తెల్లారికి తెరిపిచ్చింది. ఆ తడికి చేను విత్తడానికి మంచి పదునెక్కింది. వీధిలో ప్రతి ఇంటిముందూ విత్తనం వేసే గొర్రు కట్టారు. ముసలీ ముతకా, పిల్లా జెల్లా అందరూ విత్తనాల గంపలతో చేలకు పోయారు. ఊరు ఖాళీ అయిపోయింది. మేం నలుగురమే ఇంట్లో కూచున్నాం.

ఆ పొద్దు వచ్చాడు ఎస్సై. బూట్లకు బురదని విసుక్కుంటూ వచ్చి, వెనకింట్లోకి పోయి చూశాడు.

"ఏమయ్యా, ఇన్నాళ్ళూ కన్నం తెరిచే పెట్టుకున్నారా? ఇట్లుంటే దొంగలు రాక ఏం చేస్తారు? ఇల్లు భద్రం చేసుకోవడం మీకు తెలియదా?"

మామ జవానువైపు చూశాడు. జవాను గోడవైపు చూస్తూ నిలబడ్డాడు.

"సరే, పంచనామా రాద్దాం. ఇద్దరు పెద్దమనుషుల్ని పిలిపించు, సాక్షి సంతకాలకు."

"ఎవురూ లేరు సామీ. అందరూ ఇత్తేదానికి పోయినారు," అన్నాడు మామ.

"కబురు పెట్టు."

"రారు సామీ. పదునారిపోతే మల్ల దొరకదు. నేనైనా రాను."

"మరి నువ్వెందుకు పోలేదు?" అన్నాడు ఎస్సై.

మామ ఖాళీ నాపబండల వైపు చూశాడు. ఎస్సై, సాక్షులు లేకుండా పని జరగదనీ, ఇంకోసారి వస్తాననీ అన్నాడు. గడప దాటుతూ వెనక్కి తిరిగి, "అంతవరకూ ఏదీ కదపొద్దు," అని మరీ చెప్పి పోయాడు.

వాళ్ళు వీధి మలుపు తిరిగారో లేదో అత్త కొంగు బిగించింది. పెరట్లో మట్టి బాగా నాని ఉంది. నేను తట్టకెత్తాను, అత్త రాళ్ళు పేర్చింది. మా ఆయన గడ్డి తొక్కి కలిపి ఇచ్చాడు. సగం పైకి లేచింది గోడ. వెనకింట్లో మళ్ళీ చీకటి పడుతోంది. మామ అడ్డం చెప్పలేదు, చెయ్యీ వెయ్యలేదు. నాపబండ మీద కూర్చుని మా చేతులవైపు చూస్తూ ఉన్నాడు. ఉన్నట్టుండి అడిగాడు.

"లోపల ఏముండాదని మూస్తాండారు?"