మద్దిలేటి చెక్కిన నంది

ఆళ్లగడ్డ శిల్పి మహానందయ్య ఏ రాయినీ తట్టి చూడకుండా కొనడు. గంటలా మోగితేనే బండెక్కిస్తాడు. నంద్యాలలో ఫోన్ కొన్నప్పుడు, ఏ సెర్చ్ ఇంజిన్ కావాలంటూ తెర మీద జాబితా వచ్చింది. దుకాణందారు గిరీశ్ అలవాటుగా మొదటిదాన్ని నొక్కబోయాడు.

"ఆగప్పా! నన్ను అడగవా?"

"ఏదైతే ఏముంది పెద్దాయనా? అందరూ ఇదే పెట్టుకుంటాండారు."

"ఒక్కోదాన్నీ ఒకే మాట అడిగి చూపించు. మా నాయన మద్దిలేటి చెక్కిన నంది యాడుందని."

శిల్పులు విగ్రహం మీద తమ పేరు చెక్కరు. తండ్రి చివరిగా చెక్కిన నందిని ఎవరో లారీలో తీసుకుపోయారు. ఏ ఊరి గుడికో అప్పటికి చిన్నవాడైన మహానందయ్యకు ఎవరూ చెప్పలేదు. దాని మెడలో పదమూడు గంటలని మాత్రం గుర్తు.

మొదటిది క్షణంలో వంద నందుల్ని చూపింది. అతను ఆశగా గంటలు లెక్కపెట్టి తల అడ్డంగా ఊపాడు. రెండోది అమ్మకానికున్న నందుల ధరలు చెప్పింది. మూడోది ఏమీ దొరకలేదంది.

"ఇదే పెట్టప్పా."

"దానికేమీ తెలీదు గదా!"

"తెలీదని ఒప్పుకుంది. రేపు దొరికిందని చెప్తే నమ్మొచ్చు."

బస్సు ఆళ్లగడ్డ చేరేలోగా, అదే ప్రశ్నను ఫోన్‌కు మెల్లగా నాలుగుసార్లు చెప్పి చూశాడు.