కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ లెక్క

ఈ ఉదయం మా క్లినిక్ తలుపు తెరుచుకోగానే కాఫీ వాసన వచ్చింది. ఒక పెద్దావిడ దారం కట్టిన ప్లాస్టిక్ సంచిలో, ఇక్కడివాళ్ళు కోపీ అనే ఆ కాఫీ పోయించుకుని, దాన్ని వేలికి తగిలించుకుని, కూరగాయల బండి ఈడ్చుకుంటూ లోపలికి వచ్చింది. మా పుంగ్గోల్ పేటలో ఇది రోజూ చూసేదే. అయినా కొంచెం మాడినట్టుండే ఆ చిక్కటి వాసన తగిలితే చాలు, నేను ఇప్పటికీ తలెత్తి చూస్తాను. ఈవిడ టోకెన్ ఎప్పుడు తీసుకుంది, ఎంతసేపు బయట తిరిగింది, ఆ లోపల ఇక్కడ ఎవరెవరు కూర్చుని ఉన్నారు అని కళ్ళు వెతుక్కుంటాయి. ఈ జబ్బు నాకు అంటించింది మంగమ్మ ఆంటీ.

ఆవిడ అప్పట్లో యూ టీ అనే పేటలో, ఫ్లాట్ల కింద ఉండే ఒక చిన్న క్లినిక్‌కు మేనేజరు. పక్క దేశం మలేషియాలో పుట్టిన తెలుగు మనిషి. తాతల కాలంలో రబ్బరు తోటల పనికి వెళ్ళిన కుటుంబం. ఆవిడ మాటల్లో అరవం, మలయ్ భాష కలగలిసి ఉండేవి. మిగిలిన తెలుగులో మా కాకినాడలో నేనెన్నడూ వినని పాత మాటలుండేవి. పొట్టి మనిషి, పెద్ద గొంతు. నన్ను ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆవిడ అడిగింది ఒకటే ప్రశ్న.

"అంకెలు చూస్తే నిద్దరొస్తదా నీకు?"

"రాదాంటీ" అన్నాను.

"అయితే సరే లా. రాకూడదు" అన్నారు, ఇక్కడివాళ్ళ ఊతపదం 'లా' తగిలించి.

రోజువారీ రాబడి, ఇన్సూరెన్సు కంపెనీలు ఇంకా చెల్లించనివి, టోకెన్ తీసుకున్న మనిషి డాక్టరు గదిలోకి వెళ్ళడానికి పట్టే సమయం, ఇవన్నీ నెలనెలా ఒక కాగితం మీదికి తేవడం నా పని. నేను మంచివి పైన పెట్టి, చెడ్డవి కిందికి సర్దేదాన్ని. ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్ళిచ్చాకే కదా మనం కష్టం చెప్పుకుంటాం, అలాగన్నమాట. ఆవిడ మాత్రం కళ్ళజోడు పెట్టుకుని అడుగు నుంచి చదువుకుంటూ పైకి వచ్చేవారు. పై వరసల దాకా వచ్చేసరికి ఒక్కోసారి ఆవిడకు ఓపిక అయిపోయేది. నేను మురిసిపోతూ రాసిన మంచి కబుర్లు అలా చదివేవాళ్ళు లేక ఉండిపోయేవి.

ఆ ఏడాదే మా ఆయన ఉద్యోగం పోయింది. ఇక బాబుతో కలిపి మేం ముగ్గురం ఈ దేశంలో ఉండటానికి నా వర్క్ పాసు ఒక్కటే ఆధారం. అది రెన్యూవల్‌కు రాబోతుండగా మా యజమాని నుంచి కబురొచ్చింది. ఆయనకు మరికొన్ని క్లినిక్కులు ఉండేవి, మేమంతా పెద్ద డాక్టరని పిలిచేవాళ్ళం. అన్ని బ్రాంచీల కన్నా యూ టీలోనే రోగులు ఎక్కువసేపు వేచి ఉంటున్నారట. వచ్చే సమీక్షలోగా ఆ సంఖ్య తగ్గకపోతే యూ టీ మూసేసి పుంగ్గోల్‌లో కలిపేస్తారట. అప్పుడు నా కుర్చీ ఉండదు. కుర్చీ లేకపోతే పాసు లేదు, పాసు లేకపోతే బాబు బడి మధ్యలో ఆపి సామాన్లు సర్దుకోవాలి. ఆ రోజుల్లో ఆఫీసులో కంప్యూటర్ తెరిచి ఆ ఒక్క సంఖ్యనే మళ్ళీ మళ్ళీ చూసేదాన్ని, చూస్తే తగ్గుతుందేమో అన్నట్టు.

ఒకరోజు క్లినిక్ తెరవక ముందే వెళ్ళి టోకెన్ యంత్రం పక్కన నిలబడ్డాను. చుట్టుపక్కల పెద్దవాళ్ళు వరసగా వచ్చారు, టోకెన్ తీసుకున్నారు, వెళ్ళిపోయారు. తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు చోప్ చేసినట్టు, అంటే ముందే ఆపుకున్నట్టు, డాక్టరు దగ్గర వరసను చోప్ చేసి కోపీకి, మార్కెట్టుకు పోతున్నారు. వాళ్ళు చేపలు బేరమాడే సమయమంతా మా కంప్యూటర్ వేచి ఉన్న సమయం కిందే రాస్తోంది! ఎగిరి గంతేసినంత పని చేశాను. పరుగున వెళ్ళి ఆంటీకి చెప్పాను.

"బాగా పట్టేవు" అన్నారు. నేను ఇంకా ఊపిరి పీల్చుకోలేదు, "మరి కూకున్నోళ్ళది?" అని అడిగారు.

"కూర్చున్నవాళ్ళదేంటి ఆంటీ?"

"కోపీకి పోయినోళ్ళని తీసీ. ఇక్కడే కుర్చీల్లో కూకున్నోళ్ళు ఎంతసేపు కూకుంటన్నారో అదొక్కటీ చూపించు."

తగ్గుతుందనే నమ్మకంతోనే ఒక వారం పాటు విడిగా లెక్క తీశాను. తగ్గలేదు, పెరిగింది. కారణం నా కళ్ళ ముందే ఉంది. వాకర్ పట్టుకుని వచ్చే ఒక చైనీస్ తాత ఉండేవాడు. కోపీ దుకాణం దాకా నడవలేడు కాబట్టి మూల కుర్చీలో కూర్చునేవాడు. బయట తిరిగి వచ్చినవాళ్ళ టోకెన్లు ముందువి కనుక ఒక్కొక్కరే అతన్ని దాటుకుని లోపలికి వెళ్ళిపోయేవాళ్ళు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా అతను లేవబోయి, తనది కాదని తెలిసి మళ్ళీ కూర్చునేవాడు. నిజంగా ఒంట్లో బాగాలేనివాళ్ళే అందరికన్నా ఎక్కువసేపు కూర్చుంటున్నారు.

"సమీక్షలో ఇది మొదటి వరసలో రాయి" అన్నారు ఆంటీ.

నాకు ఏడుపొచ్చింది. "కోపీ సంగతి చెబితే చాలదా? అదీ నిజమే కదా. ఈ ఒక్కసారికి ఇది ఆపుదాం. నా పాసు సంగతి మీకు తెలుసు."

"తెలుసు. కోపీదీ రాయి, రెండో వరసలో."

"మీకేం ఆంటీ, మీరు ఇక్కడ పర్మనెంటు" అనేశాను. ఆవిడ ఫోను తీసుకుని సూదుల మందు ఇంకా రాలేదేమని ఎవరినో గట్టిగా కేకలేశారు. ఇంటికెళ్ళి చెబితే మా ఆయన ఆవిడను నాలుగు తిట్టాడు, తరవాత "పోనీ, నువ్వేం రాస్తున్నావు?" అని మెల్లగా అడిగాడు. నాకు ఆవిడ మీద అంత కోపం మరెప్పుడూ రాలేదు.

సమీక్ష రోజున కాగితం ఆవిడ చెప్పినట్టే ఉంది. పెద్ద డాక్టరు మొదటి వరస చదివి ఆగిపోయారు.

"నా దగ్గరున్నదే బాగాలేదనుకుంటే, మీరు ఇంకా పాడుది తెచ్చారా?" అన్నారు ఇంగ్లీషులో.

"అది తప్పు లెక్క డాక్టర్. ఇది కరెక్ట్" అన్నారు ఆంటీ.

ఆయన నా వైపు తిరిగారు. "లెక్క తీసింది నువ్వే కదా. ఇది ఖాయమేనా?"

ఒక వారం లెక్కే కదా, ఇంకొంచెం చూడాలి సార్ అనవచ్చు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. వాకర్ తాత గుర్తొచ్చి ధైర్యం తెచ్చుకున్నానని రాస్తే బాగుంటుంది కానీ, అప్పుడు నాకు గుర్తొచ్చింది మా బాబు స్కూలు యూనిఫాం. అయినా "ఖాయమే సార్" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. ఆయన మరోసారి అడిగారు, మరోసారి చెప్పాను. ఆయన పెన్నుకు మూత పెట్టేసి, తరవాతి సమీక్షకు ఈ మొదటి వరస మారాలి, లేకపోతే చూసుకోండి అన్నారు.

బయటికొచ్చాక ఆంటీ లిఫ్టు దగ్గర గోడకు ఆనుకున్నారు. సంచిలోంచి నీళ్ళ సీసా తీశారు కానీ మూత తిప్పలేకపోయారు. చేతులు అంతలా వణుకుతున్నాయి. నేనే తీసి ఇచ్చాను.

"మీక్కూడా భయమేనా?" అన్నాను తెల్లబోయి.

"లేకేటి! ఈ వయసులో నన్ను తీసేస్తే ఎవడిస్తాడు పని? పర్మనెంటట, పర్మనెంటు!" అని నీళ్ళు తాగారు. "భయం పోయినాక సెప్దారనుకుంటే, ఏదీ సెప్పలేవమ్మాయ్."

ఆ తరవాత కౌంటర్ పిల్ల గంట గంటకూ కుర్చీల వైపు చూసి, మరీ బాగాలేనివాళ్ళను ముందు పంపడం మొదలుపెట్టింది. కోపీ వాళ్ళు గొడవ చేశారు. కొందరు ఎదురు క్లినిక్‌కు వెళ్ళిపోయారు, ఆ నెల రాబడి తగ్గింది. ఆంటీ దాన్నీ మొదటి వరసలోనే పెట్టించారు. ఆ లోపలే నా పాసు రెన్యూ అయింది. కుర్చీల లెక్క మెల్లగా దిగింది, యూ టీ మరికొంతకాలం నడిచింది. చివరికి అద్దె పెరిగి మూతపడింది. ఆంటీ పని మానేసి మలేషియా వెళ్ళిపోయారు. పోయారని కబురు తెలిసేసరికి కర్మకాండలు కూడా అయిపోయాయి.

ఇప్పుడు పుంగ్గోల్‌లో మేనేజరును నేనే. పోయిన నెల చక్కెర జబ్బు వాళ్ళలో చాలామంది మళ్ళీ పరీక్షకు రావడం మానేశారని తేలింది. వాళ్ళను గుర్తుపెట్టుకుని పిలిపించాల్సింది నేనే. నా కాంట్రాక్టు మాట్లాడుకునే నెల కూడా అదే. పాత భయమే, ఇన్నేళ్ళలో రవ్వంత తగ్గలేదు. తగ్గుతుందని ఆవిడ నాకెప్పుడూ చెప్పలేదు కూడా. సమీక్ష గదిలోకి వెళ్ళి కాగితం బల్ల మీద పెట్టాను, చేతులు కనబడకుండా ఒళ్ళో పెట్టుకుని, ఆ సంగతే ఉన్న మొదటి వరస పైకి చదివాను.