ఏడో నంబరు బిళ్ళ

మా పక్కింటి మేస్త్రి మామ పోయిన సోమవారం కన్నుమూసినాడు. పొద్దున్నే కాఫీ తాగి, లోటా కింద పెట్టి, గోడకు ఆనుకున్నవాడు ఇంగ లేయలేదు. ఊరిగాం బంగారు గని కూలోళ్ళ లైన్ ఇండ్లలో ఆయన తెలియనోళ్ళు లేరు. మీకు తెలియదు కాబట్టి రాస్తా ఉండాను. రాయకపోతే నేను కుదురుగా ఒకచోట కూర్చోలేను.

గని గవర్నమెంటుది అయినాక చేరి, మూతపడేదాకా, పైకప్పు కూలకుండా లోపల దుంగలు నిలబెట్టే పని చేసినాడు మామ. గనితోపాటే, గనోళ్ళు వేసిన మా పార్కును చూసే దిక్కూ పోయింది. అప్పుడు మేము పన్నెండు మందిమి, రిటైరైన మగోళ్ళూ ఇండ్లలో ఉండే ఆడోళ్ళూ, సాయంత్రాలు పోయి ఆ పని ఎత్తుకొన్నాము. జీతం లేదు, అడిగేవాడూ లేడు. కార్తీకం దాటి చలి ముదిరితే చాలు, మాకు కాలు నిలవదు. క్రిస్మస్ సెలవులకు బెంగళూరు చేరినోళ్ళంతా పిల్లలతో ఊరికొస్తారు, వచ్చినోళ్ళంతా పార్కుకే వస్తారు. ఆలోపల గులాబీలు కత్తిరించల్ల, చామంతులకు పుల్లలు కట్టల్ల, మళ్ళ చుట్టూ ఇటుకలకు సున్నం కొట్టల్ల. గని రాళ్ళను పిండి చేసి పారబోసిన సైనైడ్ దిబ్బ ఒకటి ఉండాది కదా, దాని మీదినుంచి గాలికి లేచొచ్చే దుమ్మును ఆకాకూ కడగల్ల.

గేటు పక్కన మామ ఒక పలక కొట్టినాడు. పన్నెండు మేకులు, పన్నెండు బిళ్ళలు. బిళ్ళలంటే పాలపొడి డబ్బాల మూతలే, మేకుతో నంబర్లు పొడిచినాడు. అంతా గనిలో మాదిరే. లోపలికి పోతా మన బిళ్ళ తీసుకోవల్ల, బయటికొస్తా తగిలించల్ల. మేకు ఖాళీగా ఉంటే మనిషి ఇంకా లోపలున్నట్టు. అన్నీ నిండేదాకా ఆయన గేటుకు బీగం వేయడు. ఆయనది ఒకటి, నాది ఏడు.

"పార్కుకు బిళ్ళలేంది మామా, చామంతి మడి మన మీద కూలుతాదా?" అని నవ్వేవాళ్ళం.

"పని రేపూ ఉంటాదిమ్మా. మనిషి ఇల్లు చేరినాడా లేదా అనేది ఈ పొద్దే తెలియల్ల" అనేవాడు.

గుంత తవ్వమంటే, గనిలో రాయి పగిలిందేమో చూసినట్టు, ముందు నేలను కడ్డీతో తట్టి చెవి పెట్టి వినేవాడు. బెంచీని తట్టేవాడు, పందిరి గుంజను తట్టేవాడు. నాకేమో అంతా గబగబా అయిపోవల్ల. ఆయన నిదానం చూస్తే ఒళ్ళు మండేది. ఎన్నిసార్లు కొట్లాడినానో!

పోయినేడు ఒక సాయంత్రం, పొయ్యి మీద పప్పు పెట్టొచ్చిన సంగతి గుర్తొచ్చి, బిళ్ళ కొంగుకు కట్టుకొనే ఇంటికి పరుగెత్తినాను. అన్నం ముందర కూర్చున్నానో లేదో, తలుపు దబదబా కొట్టినారు. చూస్తే మామ! మోకాళ్ళ దాకా బురద, రొప్పుతా ఉండాడు. పార్కంతా, మూలనున్న పాడుబావి దాకా వెతికినాడంట.

"ఇంటికొచ్చినావామ్మా?"

"కండ్ల ముందరే ఉండాను కదా! అది గని అనుకొన్నావా మామా? నీకేమన్నా పిచ్చా? మనిషిని ఇంత అన్నం తిననీవా?" అని అరిచేసినాను.

ఆయన చేయి చాపినాడు. "సరేమ్మా, తిను. బిళ్ళ ఇట్లియ్యి, తగిలించి బీగం వేసొస్తా" అన్నాడు.

మరుసటి రోజు మామ పెండ్లాం, అత్త, చెప్పింది. వయసులో ఉన్నప్పుడు ఒకసారి లోపల రాయి పగిలి కూలిందంట. మామ పైకొచ్చి తన బిళ్ళ తగిలించినాడు. జతగాడు, క్యాసంబళ్ళి ఊరి పిల్లోడు ఒకడు, వాని మేకు ఖాళీ. రెండు రోజులు ఆ పలక కిందనే కూర్చున్నాడంట, ఆ బిళ్ళ తిరిగి రాలేదంట. "అప్పట్నుంచి ఖాళీ మేకు చూస్తే ఆయనకు అన్నం దిగదమ్మా" అనింది అత్త. నాకు తల కొట్టేసినట్టయింది. క్షమించు మామా అనల్ల అని ఏడాదంతా అనుకొంటిని. ఆయన పక్కనే కూర్చొని కొమ్మలు కత్తిరిస్తా కూడా నోరు రాలేదు. రేపు చెప్దాంలే అనుకొంటిని. యాడ ఉంది రేపు?

చనిపోయే ముందు రోజు, ఆదివారం, ఒంట్లో బాగలేదని బీగం నా చేతికిచ్చి ముందే ఇంటికి పోయినాడు. పనయినాక చూస్తే ఒకటో మేకు ఖాళీ. ఆయన గేటు దాటేది నేనే చూసినాను కదా, మరిచిపోయింటాడులే అని బీగం వేసేసినాను. పక్కిల్లే. తలుపు తట్టి, ఇంటికొచ్చినావా మామా అని అడిగింటే నా సొమ్మేం పోయేది?

మట్టి చేసొచ్చినాక, ఆయన చొక్కా జేబులోంచి బిళ్ళ తీసి అత్త నాకిచ్చింది. "పోయి తగిలించి రామ్మా. లేకుంటే ఆయనకు నెమ్మది ఉండదు" అనింది.

నిన్న సాయంత్రం పోయినాను. పదకొండు మందిమి మిగిలిన ఇటుకలకు సున్నం కొట్టినాము, చెట్లకు క్రిస్మస్ నక్షత్రాలు కట్టినాము. అందరూ వెళ్ళిపోయినాక ఒకటో నంబరు బిళ్ళను దాని మేకుకు తగిలించి, "క్షమించు మామా" అని గట్టిగానే అన్నాను. కండ్లు తుడుచుకొని, బీగం వేసి వచ్చేసినాను.

ఇంటికొచ్చి, అన్నం పెట్టుకొని, చేయి తుడుచుకుందామని కొంగు పట్టుకొంటే ముడిలో ఏదో గట్టిగా తగిలింది. నా ఏడో నంబరు బిళ్ళ.

దాన్ని గుప్పిట్లో పెట్టుకొని తలుపు వైపే చూస్తా కూర్చున్నాను. అన్నం చల్లారిపోయింది. ఎవరూ తట్టలేదు.