జొన్నమల్లెకు నీళ్లు పోసిన కోడలు

ఒక్క పూటలో ఎకరం పంటను ఎలా పాడుచేయవచ్చో తెలుసుకోవాలంటే నన్ను అడగండి. వరదలు, మిడతల దండు ఏవీ అక్కర్లేదు. బీదర్ బజారులో పుట్టిన ఒక కొత్త కోడలు చాలు.

మా పుట్టింటివాళ్లది పప్పుల దుకాణం. బొబ్బర్లు పిడికిట పట్టుకుంటే చాలు, కొత్తవో పాతవో చెప్పేదాన్ని. ఆ గర్వంతోనే జనవాడకు కాపురానికి వచ్చాను. ఆ ఏడు మా మామగారు జొన్నలో బొబ్బర కలిపి వేశారు. ఒకే బండికి ఎద్దునూ మేకనూ కట్టినట్టుందని పక్క చేను రాజమ్మక్క ఊరంతా చెప్పి నవ్వింది.

ఒకరోజు మామగారు ఖటక్ చించోళికి పెళ్లికి వెళ్తూ, "జొన్న, బొబ్బర ఉండాలె బిడ్డా. మిగిలిందంత పీకెయ్యి" అన్నారు. బొబ్బర మొక్క ఎలా ఉంటుందో నాకు తెలియదు. అడిగితే దుకాణం పరువు పోదూ? తల ఊపాను.

చేలో రెండు రకాలు కనిపించాయి. ఒకటి పిలవని చుట్టంలా నేలంతా పరుచుకుని, జొన్న కాళ్లకు చుట్టుకుంటున్న తీగ. రెండోది జొన్న మొదట్లో తెల్లటి పూలతో, పెళ్లిచూపుల్లో పిల్లలా ఒద్దికగా నిలబడ్డ చిన్న మొక్క. ఏది కలుపంటే మీరైనా ఏం చెబుతారు? తీగనంతా పీకి గట్టున పోశాను. పూలమొక్కలకు బిందెతో నీళ్లు పోశాను. నాలుగు పూలు తలలో పెట్టుకున్నాను కూడా. చివరి నాలుగు సాళ్లకు వచ్చేసరికి నడుము మొరాయించి ఆపేశాను.

మామగారు వచ్చి గట్టు మీది కుప్పను చూశారు. తర్వాత నా తల వైపు చూశారు.

"అవేం పూలు బిడ్డా?"

"బొబ్బర పూలు మామ."

ఆయన కుప్పలోంచి ఒక తీగ తీసి నా చేతిలో పెట్టారు. "బొబ్బర ఇది. నీ తలలున్నది జొన్నమల్లె. జొన్న వేరుకు నోరు పెట్టి రసం తాగుతది. దాన్ని అణచనీకే బొబ్బర ఏసిన."

అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు. నేను అడగకుండా ఇంటిల్లిపాది రొట్టెకే ఎసరు పెట్టాను.

గింజ రాలకముందే ఆ మల్లెనంతా ఏడుస్తూ మూడు రోజులు పీకాను. ఆయనా నా పక్కనే వంగి పీకారు. అదే ఎక్కువ గుచ్చుకుంది. అయినా కొత్తవి మొలుస్తూనే ఉన్నాయి, జొన్న పాలిపోయింది. నేను వదిలేసిన నాలుగు సాళ్లు మాత్రం బొబ్బర మధ్య పచ్చగా నిలబడి, బరువైన కంకులు వేశాయి.

ఆ తేడా చూడటానికి జనం వచ్చారు. నేను సిగ్గుతో జొన్న చాటున నక్కాను. మామగారు మాత్రం గంభీరంగా, "నేను చెప్తే నమ్మకపోతిరి. మా కోడలు చేసి చూపెట్టింది" అన్నారు.

మరుసటి ఏడు చాలా చేలలో జొన్న పక్కన బొబ్బర మొలిచింది. రాజమ్మక్క చేలో కూడా. ఒకనాడు ఆమె నన్ను పక్కకు పిలిచి, "మా ఆయనకు బొబ్బర మీద ఇంకా నమ్మకం కుదుర్తలేదు. జర మా చేనుకొచ్చి నాలుగు సాళ్ల బొబ్బర పీకి చూపెడతవా?" అని అడిగింది.

అందుకే భూమి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏ మొక్కనైనా పేరూ ఇంటిపేరూ కనుక్కున్నాకే ముట్టుకుంటాను. ఎవరెంత మర్యాదగా పిలిచినా సరే, పీకను.