పూడ్చిన కాజాలు

అది 1994 చలికాలం. నారాయణగూడలో ఒక మందుల దుకాణం పైన, మొదటి అంతస్తులో, తోలు నాణ్యతను పరీక్షించే చిన్న ప్రయోగశాలలో నేను పనిచేసేవాణ్ణి. యజమాని ముషీరాబాద్‌లో తోళ్ల వ్యాపారి. ఆయన నెలకు ఒకటి రెండుసార్లు మెట్లెక్కి వచ్చేవాడు. మిగిలిన రోజుల్లో సూక్ష్మదర్శిని, కొన్ని సీసాలు, నేను. బూట్ల వ్యాపారులూ సంచులు ఎగుమతి చేసేవారూ నమూనాలు పంపేవారు. ప్రతి నమూనాతోనూ ఒక మాట వచ్చేది: 'ప్యూర్ లెదర్' అనో, 'ఫారిన్ మాల్' అనో. ఆ మాటకు ఆధారం ఉందా లేదా అని తేల్చడమే నా ఉద్యోగం.

తోలు గురించి తెలియనివారికి ఒక్క విషయం చెప్పాలి. పశువు చర్మంలో వెంట్రుకల రంధ్రాలు కనిపించే పైపొరను గ్రెయిన్ అంటారు. బలమూ అందమూ దానివే. ఆ పొరను చీల్చి తీసేశాక మిగిలిన అడుగుపొర స్ప్లిట్. దానిమీద ప్లాస్టిక్ పూత పూసి, అచ్చుయంత్రంతో దొంగరంధ్రాలు ముద్రించి, 'ప్యూర్ లెదర్' అని అమ్ముతారు. అది తోలే కాబట్టి ఆ మాటను అబద్ధమని కొట్టివేయలేము. పూర్తి నిజమని ఒప్పుకోనూ లేము. నా రోజులన్నీ ఈ రెంటి మధ్య ఉండే సన్నని సందులో గడిచేవి.

ఉండేది అశోక్‌నగర్‌లో ఒక కిరాయి గది. చుట్టూ పోటీపరీక్షలకు చదివే కుర్రవాళ్లు. ఉద్యోగం వచ్చినవారు వెళ్లిపోయేవారు, రానివారూ కొన్నాళ్లకు వెళ్లిపోయేవారు. నాది గుంటూరు జిల్లా. చదివింది మద్రాసులో లెదర్ టెక్నాలజీ. నగరంలో నన్ను పేరుపెట్టి పిలిచేవారు తక్కువ. సాయంత్రాలు చిక్కడపల్లి గ్రంథాలయంలో పత్రికలు చదివి, హోటల్లో భోంచేసి, గదికి చేరేవాణ్ణి.

అదే గ్రంథాలయానికి సుభద్రగారు వచ్చేవారు. చిక్కడపల్లిలోని ఒక బాలికల పాఠశాలలో లెక్కల టీచరు. వయసు నలభైకి దగ్గర. పెళ్లికాలేదు. అన్నావదినలతో రాంనగర్‌లో ఉండేవారు. పత్రికలు మార్చుకునేటప్పుడు రెండు మూడు మాటలు తప్ప మా మధ్య పెద్ద సంభాషణ ఉండేది కాదు. ఆ రెండు మూడు మాటల కోసం నేను ఒక్కోసారి చదవడం అయిపోయిన పత్రికను కూడా చేతిలోనే ఉంచుకునేవాణ్ణి.

ఒక సాయంత్రం ఆమె చేతిలో పెద్ద గుడ్డసంచి ఉంది.

"సార్, జర మీతోని పనిబడ్డది. మీరు తోలు చూసి అసలా నకిలా చెప్తరంట గదా?"

"అంతవరకు చెప్పగలనండి."

"మీ అండి ఎప్పుడు పోతదో ఏమో," అని నవ్వి, సంచి తెరిచి చూపించారు.

లోపల నల్లకాఫీ రంగు లెదర్ కార్‌కోటు. కార్‌కోటు అంటే పై కప్పు లేని పాతకాలపు కార్లు నడిపేవారి కోసం పుట్టిన దుస్తు. సీట్లో కూర్చుంటే అడ్డు రాకుండా తొడల దాకానే ఉంటుంది. వెడల్పు కాలరు, పెద్ద జేబులు. ఆ పాత తరహా కోట్లను కొత్తగా కుట్టి అమ్మడం అప్పుడప్పుడే మొదలైంది.

విషయం ఆమే చెప్పారు. నారాయణగూడలో పాత కార్లు బాగుచేసే సుధాకర్ అనే వ్యక్తితో ఆమెకు పెళ్లి ఖాయమైంది. భార్య పోయిన మనిషి. కప్పులేని పాతకారు ఒకటి తానే బాగుచేసుకున్నాడు. పెళ్లయ్యాక దానిలో శ్రీశైలం ఘాట్ రోడ్డు దాకా తీసుకువెళతానని ఆమెకు మాటిచ్చాడు. చలిగాలికి ఉంటుందని, పెళ్లి ఖాయంనాడు పెట్టిన బట్టలతోపాటు ఈ కోటు కూడా పెట్టాడు. హిమాయత్‌నగర్ అంతా గాలించి కొత్తది కొన్నానన్నాడు.

"మా వదిన వాసన చూసింది. 'నాఫ్తలీన్ వాసనొస్తుంది, ఇది చచ్చిపోయినామెది, బీరువలకెళ్లి తీసి నీకు పెట్టిండు' అన్నది. సార్, మా ఇండ్లల్ల పెండ్లి ఖాయానికి కొత్తబట్టనే పెడతరు. పాతది పెట్టుడే తప్పు. అండ్ల గూడ పోయినామెది అంటె..." ఆమె సంచి మూతి ముడివేశారు. "ఆమెదే అయితే నేను ఈ పెండ్లి చేస్కోను. ముహూర్తం పెట్టకముందే చెప్పాలె."

ఏదీ నిర్ధారించకుండా ఏమీ అనలేనని చెప్పి సంచి తీసుకున్నాను.

మర్నాడు పరీక్ష మొదలుపెట్టాను. భూతద్దం కింద వెంట్రుకల రంధ్రాలు సహజంగా, వరుసలు వరుసలుగా ఉన్నాయి. మేకతోలు, పూర్తి గ్రెయిన్. కుట్టు లోపలి అంచునుంచి గోరంత ముక్క తీసి, ఇనుపలవణం కలిపిన ద్రవం చుక్క వేశాను. ఆకుపచ్చ కలిసిన నలుపు వచ్చింది. అంటే చెట్టు బెరడుతో పదును చేసిన తోలు. మన ప్రాంతంలో పూర్వం తంగేడు చెక్కతో చేసేవారు. నాణ్యత విషయంలో సందేహం లేదు. అంత మంచి తోలు నా బల్లమీదికి అరుదుగా వచ్చేది.

లైనింగ్ అంచున ఒక పసుపు మరక కనిపించింది. సోడా ద్రవం తాకిస్తే ఎర్రబడింది. పసుపే. కొత్తబట్టకు పెట్టే బొట్టు.

కాని కోటు కొత్తది కాదు. తోలుకు ఒక గుణముంది: సూది చేసిన రంధ్రం మళ్లీ పూడదు. భుజాల దగ్గర, పక్కల, కొత్త కుట్టు వెంబడే పాత రంధ్రాల వరుస స్పష్టంగా ఉంది. ఎవరో ఏళ్ల తరబడి తొడిగిన కోటును విప్పి, కొలతలు తగ్గించి, కొత్త లైనింగ్ వేసి, పైన కొత్త రంగు పూశారు.

సాయంత్రం సుభద్రగారు ప్రయోగశాలకు వచ్చారు. ఆధారాలు ఒక్కొక్కటిగా చూపించాను. పసుపు సంగతి చెప్పినప్పుడు ఆమె, "పసుపుకు గూడ పరీక్షనా? మా ఇంటికొస్తే మా వదిన పప్పుల ఉప్పు కూడా చుక్కలేసి చూస్తరు మీరు," అన్నారు. తరువాత పాత రంధ్రాల వరుసను భూతద్దంలో చూసి, చాలాసేపు కళ్లు తీయలేదు.

"పాతదే."

"పాతదేనండి. సందేహం లేదు."

"అబద్ధం చెప్పిండు."

"కొత్తదన్నమాట నిజం కాదు."

"చాలు సార్. రాసియ్యండి. వదినకు చూపెడత, అన్నకు చూపెడత. అయిపాయె."

ఆమె 'చాలు' అన్నప్పుడు నాకు ఒక్క క్షణం ఎంతో తేలికగా అనిపించింది. ఆ తేలికకు కారణమేమిటో నేను పరీక్షించలేదు, పరీక్షించవలసిన అవసరమూ లేకపోయింది. కాగితం తీసుకున్నాను. 'వాడిన కోటు, మార్పులు చేసినది' అన్న ఒక్క వాక్యం చాలు. ప్రతి అక్షరానికీ ఆధారం ఉంది. ఏ నిపుణుడూ దాన్ని తప్పుపట్టలేడు.

కాని ఆమె నన్ను అడిగింది ఆ ప్రశ్న కాదు. కోటు పాతదా అని కాదు, పోయినామెదా అని.

"ఒక్కరోజు ఆగండి," అన్నాను. "పాతదని తేలింది. ఎవరిదో తేలలేదు."

"ఇంకెవరిదుంటది సార్?"

"తెలియదు. తెలియదు కాబట్టే ఆగమంటున్నాను."

ఆమె వెళ్లిపోయాక లైనింగ్‌ను ముందుభాగంలో, బొత్తాల పట్టీ వెంబడి జాగ్రత్తగా విప్పాను. ఆడవారి కోటుకూ మగవారి కోటుకూ దర్జీలు పాటించే భేదం ఒకటుంది. మగవారి కోటుకు కాజాలు, అంటే బొత్తాలు దూర్చే కంతలు, ఎడమవైపు ఉంటాయి. ఆడవారి కోటుకు కుడివైపు. ఈ కోటుకు కాజాలు కుడివైపే ఉన్నాయి, ఆడకోటు పద్ధతిలో. అయితే ఎడమ అంచున, తోలు వెనుకవైపు, చిన్న చిన్న తోలుపట్టీలు అతికించి ఉన్నాయి. ఒక పట్టీ కొన ఎత్తి చూశాను. దాని కింద ఒక పాత కాజా. పైనుంచి లప్పం లాంటి పదార్థంతో పూడ్చి, రంగు పూసి కనబడకుండా చేశారు. అలాంటివే మిగతావీ. కుడివైపు కాజాల అంచులు మాత్రం కొత్తగా కోసినవి, అరుగుదల లేనివి.

ఇది మగకోటుగా పుట్టింది. మగకోటుగానే అరిగింది. ఆడకోటుగా ఎవరూ ఒక్కరోజు కూడా తొడిగిన గుర్తు లేదు.

ఫలితాన్ని రెండోసారి సరిచూశాను. నా అలవాటు అది. ఆ రోజు మూడోసారి కూడా చూశాను.

మరుసటి సాయంత్రం సుభద్రగారికి పూడ్చిన కాజాలు చూపించాను. ఆమె పట్టీమీద వేలు పెట్టి తడిమి చూశారు. "అయితే ఆయనదేనా?"

"మగవారిది. ఆయనదేనని తోలు చెప్పదు. ఆయనను అడగాలి."

"మీరు గూడ రండి సార్. నేనొక్కదాన్నే పోతె నవ్వి మాట మారుస్తడు. మాటలు బాగొస్తయి ఆయనకు."

సుధాకర్ షెడ్డు నారాయణగూడ చౌరస్తా వెనుక సందులో ఉంది. మేం వెళ్లేసరికి ఆయన ఒక కారు కింద పడుకొని ఉన్నాడు. కాళ్లు మాత్రం బయట.

"ఎవరూ?"

"నేను."

"టీచరమ్మా! ఆగుండ్రి, ఆగుండ్రి, చేతులన్ని గ్రీజు." బయటికి వచ్చి నన్ను చూశాడు. బొద్దుగా, నెరిసిన మీసాలతో ఉన్న మనిషి. "సార్ ఎవరు?"

"తోలు డాక్టర్."

"ఏంది, కోటుకు జ్వరమొచ్చిందా?"

సుభద్రగారు నవ్వలేదు. "కోటు కొత్తదేనా?"

"కొత్తగనే ఉన్నది గదా."

"నేను అట్ల అడగలే."

ఆయన నావైపు, సంచివైపు చూసి, గుడ్డ తీసుకొని చేతులు తుడుచుకోసాగాడు. గ్రీజు పోయినా తుడుస్తూనే ఉన్నాడు.

"నాదే," అన్నాడు చివరికి. "కారు నేర్చుకున్న కాడికెళ్లి తొడిగిన. పొట్ట పెరిగినంక బీరువల పెట్టిన. మీకు కొత్తదే కొనాలని బయలెల్లిన, ఒట్టు. హిమాయత్‌నగర్ల ఎక్కని దుకాణం లేదు. ఒకడైతే అగ్గిపుల్ల గీసి కోటుకు పెట్టి, 'చూడు సేట్, అంటుకుంటలేదు, అసల్ మాల్' అన్నడు. అంటుకోలే, నిజమే. జర మోచెయ్యి కాడ మడతపెడితె పెంకులు పెంకులు లేసింది."

"అగ్గిపుల్లతో ఏమీ తేలదండి," అన్నాను. "అది స్ప్లిట్ మీద పూత అయి ఉంటుంది."

"చూసిన్రా! సార్ చెప్తుండు. ఊరంత తిరిగినంక సమజైంది, మంచి తోలు నాకు తెలిసింది ఒక్కటే, నేను తొడిగిందే. విప్పించి, మీ కొలతకు కుట్టించిన. కని పెండ్లి ఖాయానికి పాతది పెడితె ఊకుంటరా? మా అక్కనే చీపురు తీసుకుంటది. కొత్తదంటె అయిపోతదనుకున్న. పసుపు గూడ పెట్టించిన."

"మా వదిన అది మీ మొదటామెదన్నది."

ఆయన ముఖంలో వేళాకోళం అంతా పోయింది. పక్కనున్న టైరుమీద కూర్చున్నాడు. "ఆమె బట్టలన్ని ఆమె చెల్లెండ్లకు ఇచ్చిన. ఒక్కటి గూడ ఉంచలే. ఆమెది తెచ్చి మీకు పెడతనా? మీరు గట్ల అనుకుంటరని తెలిస్తె నేను..."

సుభద్రగారు సంచిలోంచి కోటు తీశారు. తరువాత, లెక్క తప్పుచేసిన పిల్లకు చెప్పినట్టు, నెమ్మదిగా అన్నారు: "పాతదైతె నాకు ఫికరు లేదు. కొత్తదని ఎందుకన్నరు? రేపు ఇంకోటి గిట్లనే అంటె నేనెవరి దగ్గరికి తీస్కపోవాలె? ఈ సార్ ఎన్నని చూస్తరు?"

"అనను."

"అయితే మళ్ల ఇయ్యండి. ఏదున్నదో అది చెప్పి ఇయ్యండి."

కోటును ఆయన చేతుల్లో పెట్టారు. ఆయన లేచి, సబ్బుతో చేతులు కడుక్కొని వచ్చి, నా ముందర సిగ్గుపడుతూనే, కోటు రెండు చేతుల్లో పట్టుకొని, "ఇది నాది. నేను తొడిగిన పాత కోటు. మీ కోసం కుట్టించిన. తీస్కుంటరా?" అన్నాడు.

"తీస్కుంట," అని ఆమె అక్కడే తొడుక్కున్నారు. లైనింగ్ ఒకవైపు నేను విప్పినట్టే వేలాడుతోంది. చేతులు కాస్త పొడుగయ్యాయి. భుజాలు మాత్రం సరిగ్గా సరిపోయాయి.

"వదినకేం చెప్తరు?" అన్నాడు సుధాకర్ భయంభయంగా.

"నిజమే చెప్త. చీపురు ఎవరు తీసుకుంటరో చూద్దాం."

ఇద్దరూ నవ్వారు. సుధాకర్ నావైపు తిరిగి, "రండి సార్, కార్ల మీ ఇంటికాడ దింపుతం," అన్నాడు. ప్రయోగశాలలో పని ఉందని చెప్పాను. ఆ సాయంత్రం నాకు ఏ పనీ లేదు.

తరువాతి ఏళ్లలో నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవారు తరచు ఒక ప్రశ్న అడిగేవారు: పరీక్ష పూర్తయిందని ఎలా తెలుస్తుంది సార్ అని. నిర్ణీత పద్ధతులు పుస్తకాల్లో ఉన్నాయి, అవి చదువుకోమనేవాణ్ణి. పుస్తకాల్లో లేనిది ఆ కోటు దగ్గర నేర్చుకున్నాను. ఎవరైనా తప్పుడు ఫలితం రాయమంటే కాదనడం అంత కష్టం కాదు. నిజమైన ఫలితమే, కాని సగంలో ఉన్నది, మనకు అనుకూలంగా ఉన్నది చేతికి వచ్చినప్పుడు ఆగకుండా ఉండడం కష్టం. అక్కడ ఆగితే మనం ఒక్క అబద్ధమూ చెప్పినట్టు కాదు, ఎవరూ పట్టుకోలేరు. అందుకే నేను వారికి చెప్పేది: ఫలితం మీకు తేలికగా అనిపించిన చోట ఇంకొక కుట్టు విప్పి చూడండి.

ఆ పెళ్లికి నన్ను పిలిచారు, వెళ్లాను. వదినగారు నన్ను చూసి, "ఈయనేనా అన్నీ విప్పి చూసేటాయన?" అని అందరిముందూ అడిగారు. అవునన్నాను. అక్షింతలు వేసి, భోజనం చేసి, నడుచుకుంటూ గదికి వచ్చాను.